నల్లకోనలో దీపాల మిరప

నల్లకోన మాంత్రికుడు ఉగ్రధూముడు మిరపకాయను కొరికాడు. రెండుసార్లు నమిలాడు. మూడోసారి నమలకుండానే తూ అని ఉమ్మేశాడు. ఆ ఉమ్ము పడిన బండ చుర్రుమని పొగ కక్కింది.

“చేదు! నెల్లాళ్లు నా నీళ్లు పోసి, నా ఎరువు వేసి, చివరికి కాయించింది ఇదా? చూస్తే రత్నాల దండ, తింటే వేపాకు ముద్ద! ఎవడ్రా అక్కడ? వీడి తల తీయండి. కాదు, తల ఉంచండి. బొమ్మల వరసలో ఎనిమిదో గుంజ పాతండి.”

ఇద్దరు భటులు తోటమాలి రంగడి రెక్కలు విరిచి మోకాళ్ల మీద కూలేశారు. ఒకడు జుట్టు దొరకబుచ్చుకోవాలని తలపాగా లాగాడు. తలపాగాతో పాటు బారెడు జడ జారి నేలమీద పడింది. భటుడు పామును తాకినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రంగడూ లేడు, గింగడూ లేడు. అక్కడున్నది రంగసాని. చంద్రవంక రాజ్యంలో మిరపకు పెట్టింది పేరైన ఎర్రదిబ్బ అనే ఊళ్లో, ఓబన్న అనే తోటమాలి పెళ్లాం. నాలుగు నెలల కిందట ఓబన్నను నల్లకోన భటులు నాగలి దగ్గర్నుంచే ఎత్తుకుపోయారు. ఊరంతా రంగసానిని ఓదార్చడానికి వచ్చింది. ఓదార్పులు వింటూ కూర్చుంటే మొగుడు వస్తాడా? మూడు నెలలు చూసి, పంచె బిగించి, తలపాగా చుట్టి, మీసం మొలవని కుర్రవాణ్ణని చెప్పుకుని ఈ కోట గుమ్మం తొక్కింది. ఇంతకాలమూ ఎవరూ పసిగట్టలేదు. భటుల కళ్లెప్పుడూ తోటమాలి చేతుల మీదే గాని మొహం మీద ఉండవు మరి.

ఉగ్రధూముడు నవ్వాడు. ఆ నవ్వుకు ముక్కులోంచి పొగ వచ్చింది.

“ఆడదానివా! ఏ బొమ్మ కోసం వచ్చావే?”

“మొగుడి కోసం,” అంది రంగసాని. “నువ్వు నన్ను బొమ్మను చేస్తే చెయ్యి. గాని మిరప సంగతి నీకు అణువంత తెలియదు. అది చెప్పేసి మరీ బొమ్మనవుతాను.”

నల్లకోనలో ఉగ్రధూముడితో ఇలా మాట్లాడినవాళ్లు లేరు. అందుకే అతడు చెయ్యెత్తి భటులను ఆపాడు.

ఇక్కడ కథ కాసేపు నిలపాలి. లేకపోతే ఒక మిరపకాయ కోసం ఇంత రభస ఏమిటని మీరు నన్ను తిట్టుకుంటారు.

ఉగ్రధూముడికి ఆరు రాజ్యాల మీద కన్నుంది. తోటమాలినో గొర్రెలకాపరినో కట్టిపడేయడానికి అతడి మంత్రం చాలు. వేలికి రక్ష, మొలకు రక్ష కట్టుకు తిరిగే రాజులను కట్టాలంటే మాత్రం అగ్నిజిహ్వ అనే శక్తి దయ ఉండాలి. కోట మధ్య నల్లరాతి మండపంలో గుండం ఉంది. ఆ గుండంలో ఆమె ఉంది. ఆమెకు రక్తం వద్దు, మాంసం వద్దు. ముసలావిడకు మిరపకాయ కావాలి! అదీ ఏది పడితే అది కాదు. కంటికి పండుగలా ఉండాలి, నోటికి విందులా ఉండాలి. నచ్చిన ఒక్కో కాయకు ఆమె ఒక మనిషిని కట్టి పెడుతుంది, లేదా ఒక మనిషి కట్టు విప్పుతుంది. పండించిన చెయ్యే పెట్టాలి. ఇంకొకరు లాక్కుని పెడితే ముట్టదు.

కోన నిండా దీపాల మిరప ఉంది. అబ్బ, ఆ అందం ఏమని చెప్పను! మోకాలెత్తు మొక్క. నల్లటి ఆకు, ఊదారంగు పువ్వు. కాయలు కిందికి వేలాడవు, ప్రమిదలో వత్తుల్లా ఆకాశంకేసి నిలబడతాయి. ఒకటి పాలతెలుపు, ఒకటి లేత పసుపు, ఒకటి వంగపండు రంగు, ఒకటి కాషాయం, ఒకటి కుంకుమ, అన్నీ ఒకే కొమ్మన! గాలి వీస్తే చేనంతా కార్తీక మాసపు ఏరులా మిలమిలలాడుతుంది. నోట పెట్టుకుంటే మాత్రం ఉత్త మంట, ఆపైన చేదు. ఎర్రదిబ్బ మిరప దానికి నేరుగా ఎదురు. మురికి రంగు, ముడతల తోలు, వంకర ముక్కు. దాంతో పచ్చడి నూరితే మాత్రం గిన్నె నాకి, వేళ్లు నాకి, ఇంకా ఉందా అని అడుగుతారు. ఆ రూపూ ఈ రుచీ ఒక్క కాయలో కావాలని ఉగ్రధూముడి పంతం. ఏడుగురు తోటమాలులు ప్రయత్నించి ఏడు దిష్టిబొమ్మలయ్యారు. చేను గట్టున వరసగా ఏడు గుంజలు, గుంజకు గడ్డి ఒళ్లు, గడ్డి మీద కుండ తల, కుండ మీద బొగ్గు కళ్లు. తెల్లారగట్ల ఆ బొగ్గు కళ్ల కింద తడి ఉంటుంది. మంచు అని భటులు అంటారు.

ఇప్పుడు మళ్లీ మోకాళ్ల మీదున్న రంగసాని దగ్గరికి రండి.

“దీపాల మిరప మొగ్గ విచ్చకముందే పుప్పొడి తీసేశాను,” అంది ఆమె. “ఎర్రదిబ్బ పువ్వు పుప్పొడి కోడి ఈకతో అద్దాను. గుర్తుకు నూలుపోగు కట్టాను. కాయ కాసింది. నువ్వు దాన్ని కొరికి చేదంటున్నావు. చేదు కాక ఏముంటుంది? కాయ తల్లిది, గింజ బిడ్డది. నువ్వు తిన్నది తల్లి కండ. బిడ్డ ఇంకా గింజలోనే ఉంది.”

“అయితే గింజ నాటితే వస్తుందా?”

“అప్పుడూ రాదు. బిడ్డ ఇద్దరికీ మధ్యస్తంగా పుడుతుంది. దాని గింజ నాటాలి. గుణం మనవరాళ్లలో బయటపడుతుంది. మూడో కాపు. ఏడుగురిని బొమ్మల్ని చేశావే, అందులో ఒక్కణ్ణయినా మూడో కాపు దాకా బతకనిచ్చావా? నా మొగుడు ఈ మాటే చెప్పి ఉంటాడు. నువ్వు విని ఉండవు.”

ఉగ్రధూముడు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు. నల్లకోనలో అతడి మంత్రం వల్ల అమావాస్యకు అమావాస్యకు ఒక పంట వస్తుంది. రెండు నెలలు ఓపిక పట్టడం అతడికి పెద్ద పని కాదు. ఇన్నాళ్లూ తట్టకపోవడమే ఒళ్లు మండించింది.

“సరే. మూడో కాపు. ఏడు కాయలు కావాలి. ఆరు కాయలకు నేను చెప్పిన ఆరుగురు రాజుల పేర్లు అగ్నిజిహ్వకు చెప్పు. ఏడోది నీది. నీ మొగుణ్ణి విప్పించుకుని పో. కాని విను, ఆ ఏడు బొమ్మల్లో ఆరింటి ప్రాణం ఎప్పుడో పోయింది, ఇప్పుడవి ఉత్త గడ్డి. ఒక్కదాంట్లోనే మనిషున్నాడు. అది ఏదో చివరిరోజున నేను చూపిస్తాను. నా మాట జవదాటావో, గడ్డిబొమ్మను విప్పించుకుని ఇంటికి మోసుకుపోతావు.”

రెండో కాపు వచ్చింది. బిడ్డ మొక్కలన్నీ ఒక్క అచ్చున పోసినట్టున్నాయి. మట్టి రంగు కాయలు, రుచి అంతంతమాత్రం. ఉగ్రధూముడు పళ్లు కొరికాడు గాని కత్తి తీయలేదు. రంగసాని ఆ గింజలు ఆరబెట్టి, బూడిదలో కలిపి, మూడు వందల మొక్కలు నాటింది.

మూడో కాపు రాగానే అసలు నరకం మొదలైంది. మూడు వందల మొక్కలూ మూడు వందల తీర్లు. ఒకటి అందగత్తె, నోట పెడితే విషం. ఇంకొకటి అమృతం, చూస్తే చీమిడి ముక్కు. ఏది ఏమిటో కంటికి తెలియదు, నాలుకే చెప్పాలి. ఎర్రదిబ్బవాళ్లు కాయను కొన దగ్గర మునిపళ్లతో కొరికి రుచి చూస్తారు. కారమంతా తొడిమ కింద తెల్లని ఈనెలో ఉంటుంది, అక్కడ కొరికితే ఆ పూట ఇంకో కాయ రుచి తెలియదు. కొన కొరికి, పుక్కిలించి, మజ్జిగన్నం ముద్ద మింగి, మళ్లీ ఇంకో మొక్క. పూటకు పది. అంతకు మించితే నాలుక మొద్దుబారుతుంది.

పది రోజుల్లో రంగసాని పెదవులు బీటలు వారాయి. నోరంతా పుండయింది. ఉమ్మితే నెత్తురు. చివరికి మంచినీళ్లు కూడా మండేవి. పద్నాలుగో రోజు ఉదయం, రెండు వందల డెబ్బయ్యో మొక్క దగ్గర కూలబడింది. దానికి ఎనిమిది కాయలున్నాయి. ఎనిమిదీ ఎనిమిది రంగుల్లో, ఆకాశానికి గురిపెట్టి ఉన్నాయి. భయపడుతూ ఒకటి తుంచి కొన కొరికింది.

ముందు చెరుకు రసంలా తీపి. ఆ వెనక దోరగా వేగిన నువ్వుల కమ్మదనం. అది నాలుక మీద నిలిచాక, మెల్లగా, మర్యాదగా కారం వచ్చింది. పుండు పడిన ఆ నోటికి కూడా ఆ మంట హాయిగానే ఉంది. రంగసాని అక్కడే నేలమీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

ఇల్లు అలకగానే పండుగ కాదు. గుండం ముందు కాయలు పెట్టాల్సిన అమావాస్య ఇంకా రెండు రోజులుంది.

ఆ రెండు రోజులూ ఆమె ఆ మొక్క దగ్గరే మంచె కట్టుకుని వడిసెల పట్టుకు కూర్చుంది. రేపు పూజ అనగా, పొద్దు వాలుతున్న వేళ మనసు ఆగలేదు. రేపు ఆ మాంత్రికుడు చూపించే బొమ్మే తన మొగుడని నమ్మకమేమిటి? వాడు గడ్డిబొమ్మను చూపించి నవ్వితే ఏం చేయగలదు? తానే తేల్చుకోవాలని మంచె దిగింది.

తేల్చుకునే మార్గం ఆమెకు తెలుసు. పసిపిల్లవాడికి దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేస్తారు కదా. దిష్టి లేకపోతే ఘాటు లేచి ఇంటిల్లిపాదీ దగ్గుతారు. దిష్టి గట్టిగా తగిలి ఉంటే ఎన్ని వేసినా ఘాటు రాదు. మనిషికి దిష్టి తగులుతుంది, మంత్రం తగులుతుంది. గడ్డికేం తగులుతుంది?

చిప్పలో నిప్పులు పోసుకుని, గుప్పెడు ఎర్రదిబ్బ ఎండుమిరపకాయలతో మొదటి బొమ్మ ముందు నిలబడింది. “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, పోయినవాడి దిష్టి, వచ్చినవాడి దిష్టి,” అంటూ కుండ తల చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. కాయలు చిటపటమని నల్లబడ్డాయి. ఘాటు లేదు. ముక్కు దగ్గరకు పెట్టుకుని పీల్చింది. ఏమీ లేదు.

“నువ్వేనా! ఓబయ్యా, నువ్వేనా!” అని ఆ గడ్డిని కావలించుకుంది. బొగ్గు కళ్ల కింది తడిని కొంగులేని పంచె చెరగుతో తుడిచింది. ఎర్రదిబ్బ కబుర్లు చెప్పింది, కుక్క ఈనిందని చెప్పింది, చింతచెట్టు పిడుగుకు పోయిందని చెప్పింది. చెప్పి చెప్పి, ఎందుకో పక్క బొమ్మకేసి చూసింది. ఆ బొమ్మ కళ్ల కింద కూడా తడి ఉంది.

రెండో బొమ్మకు దిష్టి తీసింది. ఘాటు లేదు. మూడో బొమ్మకు తీసింది. లేదు. ఏడోదాకా తీసింది. కాయలు అయిపోయాయి గాని ఒక్క తుమ్మూ రాలేదు.

అందరూ మనుషులే! గడ్డి అన్నది అబద్ధం, పచ్చి అబద్ధం! ఏడుగురూ ఇన్నాళ్లూ తన మాటలు వింటూ, తన ఏడుపు చూస్తూ నిలబడే ఉన్నారు. వాళ్లలో ఓబన్న ఎవరో ఆమెకు తెలియదు.

సరిగ్గా అప్పుడే వెనక రెక్కల చప్పుడైంది.

ఉగ్రధూముడికి కంకాళి అనే కాపలా చిలక ఉంది. మాంత్రికుడి ప్రాణం దాంట్లో ఉందని అనుకునేరు. ఏమీ లేదు, దాంట్లో ఉన్నదల్లా ఆకలి. దూడంత ఒళ్లు, కొడవలి లాంటి ముక్కు, మసిరంగు రెక్కలు. బొమ్మల దగ్గరికి పోయినవాళ్ల కళ్లు పొడవడం దాని పని. ఆ పని మీదే దిగింది గాని, దారిలో రెండు వందల డెబ్బయ్యో మొక్క కనపడింది. ఇంకేముంది, కంచే చేను మేసింది. ఎర్రటి కాయను తుంచి నోట వేసుకుంది.

“ఒసేయ్ దొంగముండా!” అని రంగసాని పరుగెత్తింది. నడుముకు భటుల కోసం దాచుకున్న కారప్పొడి సంచి ఉంది. చెయ్యి దానిమీదికి పోయి ఆగింది. ఎర్రదిబ్బలో మూడేళ్ల పిల్లకైనా తెలుసు, చిలక్కి కారం తెలియదని. మిరప చేలను పాడుచేసేది అవే కదా! కారం చల్లితే అది ఇంకాస్త పెట్టమంటుంది. వడిసెల అందుకుని రాయి పెట్టి తిప్పింది. మొదటి దెబ్బ రెక్కకు తగిలింది. కంకాళి క్రీక్కుమని లేచి మీదపడింది. గోళ్లు భుజంలో దిగాయి. ముక్కు కంటికి జానెడు దూరంలో టక్కున మూసుకుంది. రంగసాని దాని మెడ పట్టుకుని గట్టు మీంచి దొర్లింది. ఇద్దరూ కాలువలో పడ్డారు. నీళ్లలో రెక్కలు బరువెక్కి అది కొట్టుకుంటుంటే, వడిసెల తాడు గొంతుకు బిగించి, దాని కొట్టుకోవడం ఆగేదాకా వదల్లేదు.

ఒళ్లంతా నెత్తురుతో పాక్కుంటూ మొక్క దగ్గరకు వచ్చింది. కాయలు లెక్కపెట్టింది. ఆరు. మళ్లీ లెక్కపెట్టింది. ఆరే. మొగుడిమీద ప్రేమ ఆపుకోలేక ఒక్క ఘడియ మంచె దిగినందుకు ఒక కాయ పోయింది. తన చెంపలు తానే వాయించుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఉగ్రధూముడు మొక్కను చూశాడు, చచ్చిన చిలకను చూశాడు, ఆమె భుజం చూశాడు. అతడి కోపం చూసి భటులు వెనక్కి తగ్గారు. తర్వాత ఉన్నట్టుండి నవ్వు వచ్చింది.

“ఆరు కాయలు, ఆరుగురు రాజులు. నాకు సరిపోయాయి. చిలక తిన్నది నీ వాటా.”

“నా మొగుడు?”

“ఇంకో నెలాగు. ఇంకో కాపు. అప్పుడు చూద్దాం. పద, అమ్మవారికి ఆకలి.”

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. రంగసాని ఆరు కాయలూ తొడిమలతో కోసి, తమలపాకులో పెట్టుకుని మండపం మెట్లెక్కింది. అక్కడి నుంచి చేను గట్టున ఏడు బొమ్మలూ కనపడుతున్నాయి.

ఉగ్రధూముడు గుండానికి అవతల పీట మీద కూర్చుని మంత్రం చదివాడు. నేల కదిలింది. గుండంలోంచి తాడిచెట్టంత మంట లేచి, వంగి, నాలుకలా అటూ ఇటూ తడుముకుంది. ఆ నాలుక బయట ఉన్నంతసేపు మండపంలో పెట్టే చెయ్యి తప్ప మరేదీ కదలకూడదు. కదిలినవాడు ఆమెకు నంజుడు. ఈ నియమం పెట్టింది ఉగ్రధూముడి గురువుల గురువులే.

“ఏదీ?” అంది మంటలోంచి ఒక ముసలి గొంతు. రంగసాని తెల్లకాయ ఎత్తి చూపింది. “ఊఁ, కంటికి బాగుంది. నోటికి?” నాలుక కాయను అందుకుంది. “ఆహా!” అంది గొంతు. “ఆహాహా! ఎన్నాళ్లకే తల్లీ! ఎవర్ని కట్టమంటావు?”

“చంద్రవంక రాజు, చంద్రవంక రాజు,” అని ఉగ్రధూముడు గొణిగాడు.

“కట్టొద్దమ్మా, విప్పు,” అంది రంగసాని. “చేను గట్టున ఎడమ పక్క మొదటి బొమ్మ.”

గట్టున కుండ పగిలిన చప్పుడైంది. గడ్డి రాలిపోయి, ఒక మనిషి ముందుకు పడి దగ్గాడు. నెరిసిన గడ్డం. ఓబన్న కాదు.

ఉగ్రధూముడు కెవ్వున అరిచాడు గాని కదల్లేకపోయాడు. “పిచ్చిదానా, అది నీ మొగుడు కాదు! నేను చెబితే గాని నీకు తెలియదు! కాయలు పాడు చేయకు!”

“ఏడుగురూ మనుషులే. నీతో నాకేం పని?” అని రెండో కాయ పెట్టింది.

రెండో బొమ్మ విడింది. పొట్టివాడు, ఓబన్న కాదు. మూడోవాడు చెవులకు కుండలాలున్నవాడు. నాలుగోవాడు లేచి పిచ్చివాడిలా గట్టంతా పరుగెత్తి కూలబడ్డాడు. ప్రతి కుండా పగిలినప్పుడల్లా రంగసాని లేచినవాడి మొహంలో ఓబన్నను వెతికింది. ఐదోవాడు సన్నగా పొడుగ్గా లేస్తుంటే “ఓబయ్యా!” అని అరిచేసింది. అతడు తిరిగి చూశాడు. కాదు.

ఇక రెండు బొమ్మలు, ఒక్క కాయ. ఊదారంగు కాయ.

“విను,” అన్నాడు ఉగ్రధూముడు. ఇప్పుడతడి గొంతులో తేనె కారుతోంది. “ఆ ఇద్దరిలో నీ మొగుడెవరో నాకు తెలుసు. చెబుతాను. ఆ కాయతో వాణ్ణి విప్పుకో. మీ ఇద్దరినీ ఎవరూ ముట్టరు. నా మాట.”

“ఈ ఐదుగురినీ?”

“వాళ్ల సంగతి నీకెందుకు?” అన్నాడు ఉగ్రధూముడు. ఐదుగురు ముసలీ ముతకా నిలబడలేక గట్టున ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. నాలుక లోపలికి పోగానే అతడు లేస్తాడు. ఈసారి బొమ్మలను కూడా చేయడు, నిలువునా కాల్చేస్తాడు. తనను వదులుతాడా? ఏడుగురు మనుషులను పట్టుకుని ఒక్కడే మనిషన్న నోరది.

“త్వరగా తల్లీ,” అంది గుండం. “నోరూరుతోంది.”

రంగసాని ఆ రెండు బొమ్మలకేసి చూసింది. ఒకే గడ్డి, ఒకే కుండ, ఒకే బొగ్గు కళ్లు. అందులో ఒకరు తన ఓబన్న. పన్నెండేళ్ల కాపురం. ఈ కోన దాకా వచ్చింది అతడి కోసం, నోరు పుండు చేసుకున్నది అతడి కోసం. ఈ ఐదుగురి పేర్లు కూడా ఆమెకు తెలియవు. ఒక్క మాట చాలు, మొగుడు చేతికొస్తాడు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగడానికి ఆమె పడిన బాధ పగవాడికి కూడా వద్దు.

“నన్ను కడితే నా మంత్రం విప్పేవాడే ఉండడు!” అని ఉగ్రధూముడు అరిచాడు. ఆమె కళ్లు చూసి అతడికి అర్థమైపోయింది. “వాళ్లిద్దరూ గడ్డిగానే కుళ్లిపోతారు! నీ మొగుడే, నీ చేతులతో నువ్వే...”

రంగసాని ఊదారంగు కాయ నిప్పుల నాలుక మీద పెట్టింది.

“కట్టమ్మా,” అంది. “పీట మీద ఉన్నవాణ్ణి.”

పీట మీద గుంజ మొలిచింది. గుంజకు గడ్డి చుట్టుకుంది. పొగ కక్కే ముక్కు ఉన్నచోట నున్నటి కుండ కూర్చుంది. కింద భటులు కత్తులు పారేసి, కొండదారిన ఒకడి మీద ఒకడు పడుతూ పారిపోయారు.

“కడుపు నిండింది,” అంది గుండంలోని గొంతు. “మళ్లీ కాసిననాడు పిలువు, వస్తాను.”

“అమ్మా, ఇంకొక్క ఇద్దరు! కాయ బాకీ పెట్టుకో, తల తాకట్టు పెడతాను!”

నాలుక గుండంలోకి పోయింది. నిప్పు నిప్పులాగే ఉంది.

రంగసాని చేలోకి పరుగెత్తింది. మొక్క ఉంది, పచ్చగా ఉంది. కొమ్మ కత్తిరిస్తే మళ్లీ చిగురు వేస్తుంది, పువ్వు పూస్తుంది, కాయ కాస్తుంది. మాంత్రికుడు నెలనెలా చదివే మంత్రం ఆగిపోయింది గనుక ఇప్పుడు నెలలో కాదు, దాని తీరున అది కాస్తుంది. రెండు నెలలో, మూడు నెలలో. ఫరవాలేదు, ఆగుదాం, గడ్డి ఎక్కడికి పోతుంది, అని తనకు తాను చెప్పుకుంటుండగా మెడమీద ఏదో చల్లగా తగిలింది.

వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికి తెలుసంటారు. ఇన్నేళ్లూ మాంత్రికుడికి భయపడి కోన అంచుల దగ్గరే ఆగిపోయిన మేఘాలన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. చేటలతో చెరిగినట్టు వాన మొదలైంది.

గట్టున ఐదుగురూ మొహాలు పైకెత్తారు. ఎన్నేళ్లయిందో వాళ్ల ఒంటిమీద నీటిచుక్క పడి. గడ్డం నెరిసినాయన చేతులు చాపి చిన్నపిల్లవాడిలా గిరగిరా తిరిగాడు. పొట్టివాడు బురదలో కూర్చుని నవ్వుతూ ఏడుస్తున్నాడు. “వానరోయ్! వానరోయ్!” అని అరుస్తున్నారు.

రంగసాని ఒక్కతే వాళ్లను తోసుకుంటూ పరుగెత్తింది. మంచె మీది తాటాకులు రెండు చేతులా పీకి, మిగిలిన రెండింటిలో మొదటి బొమ్మ దగ్గరకు వచ్చింది. అప్పటికే గడ్డి నానుతోంది, బొగ్గు కళ్లు కరిగి కిందికి జారుతున్నాయి. కుండ మీద ఆకు కప్పి, నారతో భుజాల చుట్టూ కట్టింది.

“భయపడకు, నేనున్నాను. నిన్ను తీసుకుపోకుండా ఈ కోన దాటను,” అంది.

తర్వాత రెండో బొమ్మ దగ్గరకు పరుగెత్తి, దాని మీద ఆకు కప్పి, దానితోనూ అదే మాట చెప్పింది.